రెండు రోకళ్ళ దరువు

ద్వారకానాథ్ గారితో నా పరిచయం ఒక ఫిర్యాదుతో మొదలైంది. మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఆనుకుని ఉంటాయి. వాళ్ళ గరాజ్‌కీ మా పాప పడుకునే గదికీ మధ్య ఒకటే గోడ. పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన కొత్తల్లో, సాయంత్రం పూట ఆ గోడలోంచి సన్నగా దడదడమని వినిపించేది. పెద్ద చప్పుడేమీ కాదు. కానీ నేను ఆహారపదార్థాలను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. కంటికి కనిపించని వాటిని అనుమానించడం నాకు అలవాటు. ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే యాప్ వేసుకుని పాప ఉయ్యాల పక్కన పెట్టి చూశాను. గుసగుస కంటే కొంచెం ఎక్కువ. పసిపిల్లల చెవికి దానివల్ల ఏ హానీ లేదని చదువుకున్నదాన్నే. అయినా వెళ్ళి తలుపు కొట్టాను.

తలుపు తీసిన మనిషికి నలభై అయిదు దాటి ఉంటాయి. కౌన్సిల్ ఆఫీసు చొక్కా ఇంకా మార్చుకోలేదు. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో డ్రమ్ముపుల్లలు.

"అయ్యో, పాపకు ఇనపడ్తాందా అమ్మా? రబ్బరు ప్యాడ్లే కదా, సప్పుడు బయటికి రాదనుకుంటి."

వెనక నుంచి ఆయన భార్య వసుంధర గారు నవ్వుతూ వచ్చారు. ఆవిడది తెనాలి. "నేను చెబుతూనే ఉన్నానమ్మా. ఈయన తలకాయలో తిరణాల, మనకేమో తలుపు చెక్క కొట్టిన చప్పుడు. రా లోపలికి, కాఫీ తాగుదువు గాని."

కాఫీ చల్లారేలోపు ఆయన నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టారు. ఆదివారాలు తెలుగు సంఘంలో పిల్లల కూచిపూడికి మృదంగం వాయించే మనిషి అని అప్పటికే విన్నాను. కాబట్టి ఏ తిల్లానానో వస్తుందనుకున్నాను. వచ్చింది వేరు. తేనెటీగల గుంపులా గిటార్లు, వాటి కింద ఒకచోట కుదురుగా నిలవని తాళం, ఆ పైన నేల అడుగు నుంచి తోడుకొస్తున్నట్టు ఒక మగ గొంతు. పాడటం కాదు, గర్జన.

"ఇదేం పాట అంకుల్?"

"ఇటలీ బ్యాండు ఆల్బం. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ అంటారు. భయపడాకు, ఇందులో మనుషులెవరూ చచ్చిపోరు." హెడ్‌ఫోన్లు నా చెవుల మీద సరిచేస్తూ అన్నారు: "ఊరు చచ్చిపోతాది."

ఆ తర్వాత పాపను ఎత్తుకుని చాలా సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కథ ఒక్కరోజులో విన్నది కాదు.

ద్వారకానాథ్ గారు కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలో, వాననీటి కాలువల ఇంజనీరు. పెరిగింది నందికొట్కూరులో. పుట్టింది మాత్రం కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో. ఆయన నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే శ్రీశైలం డ్యాం నీళ్ళు ఆ ఊరి మీదికి వచ్చాయి. ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు అందరూ తలుపులు, దూలాలు ఊడదీసి బళ్ళకెత్తుకున్నారట. వాళ్ళ అవ్వ మాత్రం రోలు కూడా వదలనని కూర్చుందట. రోలు బండి మీద వేసి, దాని ముందు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని బయలుదేరింది. ఆ ఊరి గురించి ఆయనకున్న జ్ఞాపకం ఇంకొకరు చెప్పగా విన్నదే.

నందికొట్కూరులో అద్దె ఇంటి పెరట్లో ఆ రోలు పాతారు. అవ్వా, అవ్వ చెల్లెలూ ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో కొర్రలు దంచేవాళ్ళు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి. ఆ చప్పుడు వింటూ పెరట్లో బండ మీద అరచేతులతో వాయించే పిల్లవాణ్ణి చూసి, తండ్రి కర్నూలులో మృదంగం నేర్పించారు. గురువు మొదటి రోజు చెప్పిన మాట ఒక్కటే. పాడేవాళ్ళు మొదలుపెట్టాలి, నువ్వు వినాలి, ఆ తర్వాతే చెయ్యి లేవాలి.

పై చదువుకు మెల్‌బోర్న్ వచ్చి క్లేటన్‌లో అద్దె ఇంట్లో చేరారు. మనవాళ్ళు నలుగురు, వాళ్ళతో పాటు రెన్సో అనే ఇటలీ కుర్రాడు. రెన్సోది ఉత్తరాన కొండల్లో ఒక లోయ. గరాజ్‌లో గిటారు వాయించేవాడు. ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి పోయిన డ్రమ్ముల సెట్టు ఒకటి అక్కడే ఉండేది. ద్వారకానాథ్ గారు వారాంతాల్లో దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో పప్పు ఉడుకుతుంటే, ఖాళీ బియ్యం డబ్బా మీద అవ్వవాళ్ళ రోకళ్ళ దరువు వాయించారట. రెన్సో అదేమిటని అడిగాడు. ఈయన రోలు సంగతి, ఊరి సంగతి చెప్పారు. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు మొండిగోడలు బయటపడతాయనీ, అవ్వ ఒక్కసారి కూడా చూడటానికి పోలేదనీ చెప్పారు.  అది విని రెన్సో, మా తాత ఊరు కూడా డ్యాం కింద ఉంది, కరువు వచ్చినప్పుడు గోడలు లేస్తాయి అన్నాడట. స్టవ్ సంగతి మరిచి ఇద్దరూ గరాజ్‌లోకి వెళ్ళారు.

"పప్పు?" అని అడిగాను.

"పప్పు మాడిపోయె. మిగతా ముగ్గురూ మమ్మల్ని తిట్టని తిట్టు లేదు."

చదువయ్యాక రెన్సో ఇటలీ వెళ్ళిపోయి బ్యాండు కట్టాడు. నువ్వొచ్చి డ్రమ్ములు వాయించు అని పిలిచాడు. అప్పుడే ఈయన ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నారు. దేశం వదిలితే మళ్ళీ మొదటికి రావాలి. వెళ్ళలేదు.

"వెళ్ళి ఉంటే ఎలా ఉండేదంటారు?"

"పోయింటే నాకు వసుంధర దొరికేదా?" అని బాగా గట్టిగా అన్నారు.

"నాకు వినపడాలనే అంత గట్టిగా అంటున్నారు," అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

కొన్నేళ్ళకు ఇటలీ నుంచి పార్సిల్ వచ్చింది. ముంపు లోయ అని అర్థం వచ్చే పేరుతో ఆల్బం. మొదటి పాటలో సర్వే చేసేవాళ్ళు వస్తారు. చివరి పాటలో నీళ్ళ మీద పడవ పోతుంది. మూడో పాటలో జనం తలుపులు ఊడదీసుకుంటారు. ఆ మూడో పాట రెండు రోకళ్ళ దరువుతో మొదలవుతుంది. దావిదే అనే కుర్రవాడు వాయించాడు. అమెరికాలోనూ జర్మనీలోనూ దానంటే చెవి కోసుకునే వాళ్ళున్నారు. అలాంటివాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఎంతమంది ఉంటారో నాకు తెలియదు, కానీ ఉన్నవాళ్ళు చాలా గట్టిగా ఉన్నారు.

"అట్ట మీద మీ పేరు వెయ్యలేదని బాధగా లేదా అంకుల్?"

"పేరెందుకమ్మా? దాన్ని ఒక్కసారి మనుషులతో కలిసి వాయించాల. అందరూ ఎదురుగా ఉండాల. ఇట్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడకు కాదు. ఆ మూడో పాట ఒక్కటే. ఒక్కసారి."

అది చెప్పినప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నా భుజం మీద నిద్రపోతున్న పాపను చూస్తూ అన్నారు. ఇన్నేళ్ళుగా ఆయన ఆఫీసు నుంచి రాగానే గరాజ్‌లో కూర్చుని ఆల్బం మొదటి నుంచి చివరి దాకా వాయిస్తున్నది అందుకోసమేనని అప్పుడు అర్థమైంది.

ఈ ఏడాది ఆ బ్యాండు ఆస్ట్రేలియా వస్తోందని తెలిసింది. రెన్సో ఫోన్ చేశాడు. మెల్‌బోర్న్‌లో కచేరీ రోజు మధ్యాహ్నం సౌండ్‌చెక్ ఉంటుంది, అంటే జనం రాకముందు వేదిక మీద అన్నీ సరిచూసుకోవడం. అప్పుడొచ్చి మూడో పాట వాయించు, కుదిరితే సాయంత్రం జనం ముందు కూడా నువ్వే వాయిద్దువు గాని అన్నాడు.

ఆ వార్త విన్నప్పటి నుంచి గోడ అవతలి దడదడ పెరిగింది. వసుంధర గారు రోజూ ఆయన మణికట్లకు ఏదో తైలం రాసేవారు. "పెళ్ళికొడుకుని చేస్తున్నానమ్మా, రెండోసారి," అనేవారు. వాళ్ళ అమ్మాయి అపూర్వ యూనివర్సిటీకి పోతూ తలుపులో ఆగి, "డాడ్, జస్ట్ చిల్. యూ నో ఇట్ బెటర్ దాన్ దెమ్," అనేది. ఆయన, "చిల్ అంట. నీ పరీక్షలప్పుడు నేను చెప్తే ఇంటివా?" అనేవారు.

కచేరీ ఉన్న శనివారం మధ్యాహ్నం ఆయన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ రోజు తాను నడపలేనన్నారు. అపూర్వకు పార్ట్‌టైమ్ డ్యూటీ. వసుంధర గారు తాను ఎదురుగా ఉంటే ఆయన తప్పులు వాయిస్తారని రానన్నారు. పాపను అంతవరకూ నేను ఎవరి దగ్గరా వదల్లేదు. పాలసీసాలు, కొలతలు, జ్వరం చూసే థర్మామీటరు, వేళలు రాసిన కాగితం అన్నీ ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇవన్నీ లేకుండానే అపూర్వని పెంచాను గాని, నువ్వెళ్ళు," అన్నారావిడ. "పాపని నేను చూస్తా, ఆయన్ని నువ్వు చూడు. ముందెవరు ఏడుస్తారో చూద్దాం."

మొనాష్ ఫ్రీవే ఎక్కాం. ఆయన వేళ్ళు తొడల మీద దరువు వేస్తూనే ఉన్నాయి.

"నాకు ఇటలీ పోవాలని ఎప్పుడూ అనిపించలేదమ్మా," అన్నారు ఉన్నట్టుండి. "మా అవ్వ ఊరికి పోవాలనిపిస్తాది. అది యాడుందో మ్యాపులో చూపిస్తా. నీలం రంగులో ఉంటాది."

కచేరీ బ్రన్స్‌విక్ పేటలో, ఒక పాత హాల్లో. పగటిపూట లోపల బీరు వాసన, తడిసిన కార్పెట్ వాసన. రెన్సోకు జుట్టు ఊడిపోయింది, గడ్డం నెరిసింది. "ద్వార్కా!" అని వేదిక మీంచి దూకి కావలించుకున్నాడు. ఇద్దరూ ఒకరి పొట్టను ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. దావిదే సన్నగా, సిగ్గుగా ఉన్నాడు. లేచి తన స్టూలు ఈయనకిచ్చి ఎత్తు సరిచేశాడు. మైకు దగ్గర కళ్ళజోడు, మెడకు స్కార్ఫ్, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కుతో ఒకావిడ నిలబడి ఉంది. పేరు బ్రూనా. ఇన్నాళ్ళూ నేను మగ గొంతనుకున్న ఆ గర్జన ఈవిడదేనని తెలిసి నోరు తెరిచాను. హలో అన్న మాట మాత్రం ఎవరికీ వినపడనంత నెమ్మదిగా అంది.

చెవుల్లో దూది లాంటి స్పాంజి బిరడాలు పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. ద్వారకానాథ్ గారు కూర్చున్నారు. పుల్లలు పట్టుకున్నారు. రెన్సో వైపు చూశారు.

రెన్సో ఈయన వైపు చూశాడు.

ఎవరూ కదల్లేదు. మొదట అది ఏకాగ్రత అనుకున్నాను. కానీ ఆ నిశ్శబ్దం సాగుతూనే ఉంది. బ్రూనా ఫ్లాస్కు మూత బిగించింది. చీకట్లోంచి సౌండ్ చూసే మనిషి, "వెనెవర్ యూ లైక్, మేట్," అన్నాడు.

"మీరు ఎత్తుకోండి, నేనొస్తా," అన్నారు ద్వారకానాథ్ గారు ఇంగ్లీషులో.

రెన్సో నవ్వేశాడు. "డ్రమ్మర్ నువ్వు ద్వార్కా. నువ్వు పుల్లలు కొట్టి లెక్కపెడితేనే మేం మొదలుపెట్టేది. పైగా ఈ పాట నీతోనే మొదలు."

ఆయన పుల్లలు ఒళ్ళోకి దించారు. ఆల్బం పెట్టుకుని వాయించినప్పుడు ప్రతిసారీ అదే మొదలయ్యేది, ఈయన అందుకునేవారు. కూచిపూడికి వాయిస్తే తాళాలతో నట్టువాంగం పట్టిన టీచరు మొదలుపెట్టేది. క్లేటన్ గరాజ్‌లో రెన్సో మొదలుపెట్టేవాడు. పక్కవాద్యం వాయించే మనిషి ఆయన. ఒకరు ఎత్తుకున్నదాన్ని ఎక్కడైనా అందుకోగలరు. ఖాళీలో తానే మొదటి దెబ్బ వేయాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆల్బంలో ప్రతి మలుపూ కంఠతా వచ్చిన మనిషికి, దాన్ని ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియదు.

దావిదే వేళ్ళతో గాలిలో నాలుగు చూపించాడు. ఆయన తల ఊపారు. కళ్ళు మూసుకుని పుల్లలతో నాలుగు దెబ్బలు కొట్టారు.

ఆ నాలుగు దెబ్బల మధ్య దూరం నాకే తెలిసిపోయింది, చాలా నెమ్మది. వెంటనే దరువు మొదలైంది. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా. హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు అది గుర్రపు డెక్కల్లా పరుగెత్తేది. ఇక్కడ ఇద్దరు మనుషులు నిలబడి పనిచేసుకుంటున్నట్టుంది. దాని మీదికి గిటార్లు వచ్చాయి. రెన్సో ఒకసారి తడబడి సర్దుకున్నాడు. కాళ్ళ కింద నేల అదురుతోంది. చెవుల్లో బిరడాలున్నాయన్న సంగతే మరిచిపోయాను.

బ్రూనా గొంతెత్తింది. మొదటి పాదం సగం దాకా వచ్చి గొంతు ఆగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి దగ్గింది. అందరూ ఆపేశారు.

సంగతి సులువైనదే. ఆ పాదం ఆల్బం వేగంలో ఒక్క ఊపిరికి సరిపోయేలా కట్టింది. వేగం తగ్గితే పాదం పొడుగవుతుంది. ఊపిరితిత్తులు మాత్రం పెరగవు.

"ఇంకాస్త వేగంగా ద్వార్కా. రికార్డు వేగం," అన్నాడు రెన్సో మర్యాదగానే.

రెండోసారి దావిదే పక్కన నిలబడి తొడ మీద తడుతూ వేగం ఇచ్చాడు. ద్వారకానాథ్ గారు అందుకున్నారు. పాట మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తొణకలేదు. ఆగిపోయే చోట ఆగింది, విరిగే చోట విరిగింది. అయిపోగానే దావిదే చప్పట్లు కొట్టాడు. "సాయంత్రం మూడో పాట నీదే," అన్నాడు రెన్సో. నేను వసుంధర గారికి మెసేజ్ పెట్టడానికి ఫోన్ తీశాను.

ఆయన దిగి వచ్చి పుల్లలు దావిదే చేతిలో పెట్టారు. "సాయంత్రం నువ్వే వాయించు," అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అదేంటి అంకుల్? ఇన్నేళ్ళు కోరుకున్నది ఇదే కదా!"

"ఇదే అనుకుంటిమ్మా." ముఖం తువ్వాలుతో తుడుచుకున్నారు. "రోజూ హెడ్‌ఫోన్లలో దాని ఎనకాల పరిగెత్తుతాంటి. ఈపొద్దు నేను మొదలుపెడితే అది ఎట్లొచ్చిందో సూస్తివి కదా. మా అవ్వోళ్ళు ముసిలోళ్ళు. ఇంత స్పీడుగా దంచితే మా అవ్వ భుజం యాడుంటాది?"

రెన్సోకు విషయం ఇంగ్లీషులో చెప్పారు. అతను ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అయితే మా రికార్డు తప్పంటావా?"

"తప్పెందుకవుతుంది? మీ లోయలో నీళ్ళు అంత వేగంగా వచ్చాయేమో. మాది కృష్ణ. ఎండాకాలం పోతుంది, వానాకాలం వస్తుంది. ఆ రోలు కూడా అంతే, పొద్దస్తమానం నడిచేది."

రెన్సో ఇంకేదో అనబోయాడు. అంతలో ముందు వాయించాల్సిన స్థానిక బ్యాండు వాళ్ళు పెట్టెలు తోసుకుంటూ వచ్చారు. సౌండ్ మనిషి వేదిక ఖాళీ చెయ్యమన్నాడు. రెన్సో ఆయన భుజం మీద చెయ్యి వేసి, సాయంత్రం ఉంటావుగా అని మాత్రం అడిగాడు. ఉంటానన్నారు.

గాలి కోసం మేమిద్దరం వెనక సందులోకి వచ్చాం. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఒకపక్క చెత్తడబ్బాలు, ఇంకోపక్క బీరు పీపాలు దించుతున్న ట్రక్కు. ద్వారకానాథ్ గారు డ్రమ్ములు మోసే ఖాళీ పెట్టె మీద కూర్చుని గోడకు తల ఆనించారు. నేను ఫోన్‌లో పాప ఫొటోలు చూస్తున్నాను. అప్పుడు తలుపు తోసుకుని బ్రూనా వచ్చింది.

"మొదట వాయించారే, అది. అందులో నేను ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చు?" అని అడిగింది.

ఆయన తెల్లబోయారు. పెట్టె మీద ఎడమ అరచేత్తో ఒకటి, కుడిచేత్తో ఒకటి వేస్తూ ఆలోచించారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. అవ్వ చెల్లెలికి ఒక భుజం పట్టేసి ఉండేదట. కొన్ని పోట్లకోసారి ఆమె రోకలి కాస్త ఆలస్యంగా లేచేది. అప్పుడు అవ్వ తన రోకలి పైనే పట్టుకుని ఆగేది, చెల్లెలి మీద విసుక్కోకుండా. ఆ ఆగడం కూడా దరువులో భాగమే. ఆల్బంలో అది లేదు. క్లేటన్‌లో బియ్యం డబ్బా మీద వాయించినప్పుడు ఉందో లేదో ఆయనకు గుర్తులేదు.

"అయితే అక్కడ," అంది బ్రూనా.

ఈసారి ఆయన ఎవరి వైపూ చూడలేదు. అరచెయ్యి పెట్టె మీద పడింది. బరువు, తేలిక, బరువు, తేలిక. బ్రూనా స్కార్ఫ్ వదులు చేసుకుని గోడవైపు తిరిగి గర్జించింది. ఆ మాటల అర్థం రెన్సో ఎప్పుడో చెప్పాడట, వస్తున్నప్పుడు కారులో ఆయన నాకు చెప్పారు. తలుపులన్నీ పట్టుకుపోయారు, ఇక గాలి దేన్ని తట్టాలి అని. సగంలో రోకలి పైన ఆగింది. బ్రూనా ఊపిరి పీల్చిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పీపాలు దించే మనిషి ఒకదాన్ని చేతుల్లోనే పట్టుకుని నిలబడిపోయాడు.

రెండో సగం చివరి మాట దగ్గర గొంతు జీరపోయి దగ్గుగా మారింది. ఆమె నవ్వి, నీళ్ళు తాగింది. ఊపిరి సరిపోలేదని తల అడ్డంగా ఊపింది.

హాల్లోంచి రెన్సో, "ద్వార్కా! బ్రూనా!" అని పిలుస్తున్నాడు. బ్రూనా ఇంకా ఫ్లాస్కు మూత పెట్టనే లేదు. ద్వారకానాథ్ గారి చెయ్యి అప్పటికే లేచి పెట్టె మీద పడింది.